మీడియం బోర్ మాగ్నం ఎంపిక: పెద్ద జంతువుల వేటకు ఏ కార్ట్రిడ్జ్ కొనాలి?

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల నుంచి టెక్సస్‌కో, కొలరాడోకో, దక్షిణాఫ్రికాకో వెళ్లి స్థిరపడిన మనవాళ్లలో లైసెన్సు తీసుకుని వేటకు వెళ్లేవాళ్లు ఉన్నారు. జింకల దాకా .308, .30-06 లాంటి మామూలు కార్ట్రిడ్జ్‌లతో (తూటాలతో) నెట్టుకొచ్చినవాళ్లకు నీల్‌గాయ్, ఎల్క్ అనే పెద్ద దుప్పి, ఆఫ్రికా దున్న అనేసరికి ఇంకొంచెం పెద్దది కావాలేమో అన్న ఆలోచన మొదలవుతుంది. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు. "మామా, .338 తీసుకోమంటావా, .375 తీసుకోమంటావా? అంగట్లో వాడు వెదర్‌బీ చూపిస్తున్నాడు. అది ఇంకా గట్టిదంట గదా?"

గట్టిదే. కానీ ఎవరి చేతిలో, ఏ జంతువు మీద, ఎంత దూరంలో అన్నది తేలకుండా ఆ గట్టిదనం ఎందుకూ కొరగాదు. మీ భుజం భయపడకుండా భరించగలిగినంత వరకే మీకు పెద్ద కార్ట్రిడ్జ్ అని నేను నమ్ముతాను. దాన్ని దాటితే గురి తప్పుతుంది. గురి తప్పితే కడుపులో గాయంతో ఒక జంతువు రెండు రోజులు పొదల్లో నరకం చూస్తుంది. అందుకే కార్ట్రిడ్జ్ పేరుతో మొదలుపెట్టకండి. చట్టం, జంతువు, బుల్లెట్, దూరం, భుజం, ఈ వరుసలో వెళ్తే చివరికి రెండు మూడు పేర్లే మిగులుతాయి.

ముందు చట్టం

మన గడ్డ మీద ఈ విద్యకు చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. రోళ్లపాడు బయళ్లలో కృష్ణజింకలు శనగచేలో పడినా, నల్లమల అంచు ఊళ్లలో అడవిపందులు వేరుశనగ తవ్విపోసినా, అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకి ఎత్తితే జైలే. తాతల నాటి లైసెన్సు రైఫిల్ ఇంట్లో ఉన్నంత మాత్రాన దాన్ని అడవికి తీసుకుపోయే హక్కు రాదు. కాబట్టి ఇక్కడ రాసేదంతా వేట చట్టబద్ధమైన దేశాల్లో ఉన్నవాళ్ల కోసం.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో గడప ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకిగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు దొరుకుతుంది. లైసెన్సు గడువు తీరితే ఆ మినహాయింపూ పోతుంది. వేట లైసెన్సు లేకుండా స్నేహితుడి రైఫిల్ పట్టుకుని రేంజ్‌లో సరదాగా కాల్చినా నేరమే అవుతుందని చాలామంది పిల్లలకు తెలియదు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ చిక్కు లేదు. అలాస్కా వెళ్లాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: అమెరికా పౌరసత్వం గానీ అమెరికాలో నివాసం గానీ లేకుండా బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకు అక్కడ పెద్ద జంతువు ఏదైనా సరే లైసెన్సున్న గైడ్ వెంట ఉండి తీరాలి.

మీడియం బోర్‌లో ఎవరెవరున్నారు

బుల్లెట్ మందం .338 అంగుళం (8.6 మి.మీ.) నుంచి .375 అంగుళం (9.5 మి.మీ.) దాకా ఉన్నవాటిని మామూలుగా మీడియం బోర్ అంటారు. .416, .458 వచ్చేసరికి అది పెద్ద బోర్. మాగ్నం అంటే మామూలు కంటే ఎక్కువ మందు పట్టి ఎక్కువ శక్తినిచ్చే కార్ట్రిడ్జ్.

వీటిలో పెద్ద తలకాయ .375 హెచ్ అండ్ హెచ్. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చింది. 300 గ్రెయిన్ల (19.4 గ్రాముల) బుల్లెట్‌ను సెకనుకు సుమారు 770 మీటర్ల వేగంతో పంపుతుంది. గొట్టం దగ్గర శక్తి 5,780 జౌల్స్ దాకా ఉంటుంది. నూరేళ్లు దాటినా ఆఫ్రికాలో దీని మాటే చెల్లుతోంది.

విన్చెస్టర్ కంపెనీ అదే కేస్‌ను (మందు పట్టే ఇత్తడి డొల్లను) పొట్టిగా కోసి, మెడ సన్నం చేసి 1958లో .338 విన్చెస్టర్ మాగ్నం తెచ్చింది. 250 గ్రెయిన్ల బుల్లెట్ సుమారు 810 మీటర్ల వేగం, 5,300 జౌల్స్. 225 గ్రెయిన్లది 850 మీటర్ల దగ్గర ఉంటుంది. ఎల్క్, దానికంటే పెద్ద దుప్పి అయిన మూస్, ఎలుగుబంటి వేటగాళ్లలో దీనికి మంచి పేరు.

హార్నడీ, రూగర్ కంపెనీలు కలిసి 2007లో .375 రూగర్ తెచ్చాయి. కేస్ లావు, పొడవు తక్కువ, అడుగున బెల్టు (చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే పట్టీ) ఉండదు. .375 హెచ్ అండ్ హెచ్ కంటే కొంచెం ఎక్కువ వేగం ఇస్తూ మామూలు పొడవు బోల్ట్ యాక్షన్‌లో (చేత్తో లాగి తూటా ఎక్కించే రైఫిల్ యంత్రభాగంలో) ఇముడుతుంది. .340 వెదర్‌బీ (1962) .338 కంటే పొడవైన కేస్, ఇంకా వేగం, ఇంకా గట్టి తన్ను. .358 నార్మా మాగ్నం (1959) మంచిదే కానీ తూటాలు దొరకడం కష్టం. .338 లపువా సైన్యాల స్నైపర్ రైఫిళ్ల కోసం పెరిగిన కార్ట్రిడ్జ్. దాని బరువైన రైఫిల్‌ను కొండ ఎక్కించి మోయడం వేటగాడికి శిక్షే. సినిమాల్లో చూసి దాన్ని అడిగేవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

మాగ్నం కాకపోయినా ఒక పేరు వదలలేను. 1905 నాటి జర్మన్ 9.3×62. 286 గ్రెయిన్ల బుల్లెట్‌ను 720 మీటర్ల వేగంతో నెమ్మదిగా పంపుతుంది, తన్ను తక్కువ, పని పూర్తిగా చేస్తుంది. యూరప్‌లో ఉన్నవాళ్లు మాగ్నం మాట ఎత్తేముందు దీన్ని ఒకసారి భుజానికి ఆనించి చూడండి.

మొదటి అడుగు: ఏ జంతువు?

టెక్సస్ దక్షిణాన ఉన్నవాళ్లకు మొదటి పెద్ద జంతువు మన నీల్‌గాయే. 1920ల నుంచి కింగ్ రాంచ్‌లో వదిలినవి పెరిగి పెరిగి ఇప్పుడు ఆ కోస్తా బయళ్లంతా తిరుగుతున్నాయి. అక్కడి నేల చూస్తే అనంతపురం పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్ ముళ్లకంప, నాగజెముడు పొదలు, ఎర్రటి ఎండ. మగ నీల్‌గాయ్ 200 కిలోలు దాటుతుంది, మెడ దగ్గర తోలు మందం, గాయం నుంచి నెత్తురు నేల మీద పెద్దగా పడదు. బలహీనమైన బుల్లెట్ తగిలించుకుని ముళ్లకంపలోకి దూరితే వెతకడం నరకం. .30-06 మంచి బుల్లెట్‌తో చాలు అనే అనుభవజ్ఞులు ఉన్నారు, నేనూ కాదనను. కానీ .338 మొదటిసారిగా అర్థవంతమయ్యే చోటు ఇదే.

అదే టెక్సస్‌లో మన కృష్ణజింక కూడా ఉంది, 1930ల నుంచి. దాని బరువు 40 కిలోల దగ్గరే. దాని మీదకు మాగ్నం తీసుకుపోవడం మాంసం పాడుచేసుకోవడమే.

మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. అలాస్కా మూస్ 600 కిలోలు, అంతకు మించి కూడా. అలాస్కా గోధుమ ఎలుగు బరువు ఒక ఎత్తైతే, అది వెనక్కి తిరిగి మీదకు వచ్చే రకం కావడం ఇంకో ఎత్తు. మూస్ నిలబడి చచ్చిపోతుంది, ఎలుగు లెక్క తీర్చుకోవడానికి వస్తుంది. మూస్‌కు .338 పుష్కలం. ఎలుగుకు .338 కనీసం, .375 హాయి.

ఆఫ్రికా దున్న దగ్గర మీ ఇష్టం ఆగిపోతుంది, చట్టం మొదలవుతుంది. జింబాబ్వేలో దున్న, ఏనుగు లాంటివాటికి బుల్లెట్ మందం కనీసం 9.2 మి.మీ., శక్తి కనీసం 5,300 జౌల్స్ ఉండాలి. నమీబియాలో దున్న లాంటి ప్రమాదకర జంతువులకు 5,400 జౌల్స్. అంటే .338 ఎంత వేగంగా కొట్టినా జింబాబ్వేలో మందం దగ్గరే తప్పుతుంది. .375 రెండు చోట్లా నిలుస్తుంది. ఒక్కసారైనా దున్న వేటకు వెళ్లాలనే కోరిక నిజంగా ఉంటే మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది.

రెండో అడుగు: బుల్లెట్

నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే. జంతువును పడగొట్టేది కార్ట్రిడ్జ్ పేరు కాదు, లోపలికి వెళ్లే బుల్లెట్. అది భుజం ఎముక విరిచి, ఊపిరితిత్తులు దాటి, అవతలి పక్కకు చేరాలి. .338లో నాసిరకం బుల్లెట్ వేసుకుని వెళ్లినవాడి కంటే .30-06లో గట్టి బుల్లెట్ వేసుకున్నవాడు మేలు.

బుల్లెట్ ఎంత లోతుకు పోతుందో అంచనా వేయడానికి సెక్షనల్ డెన్సిటీ అనే లెక్క ఉంది. బుల్లెట్ బరువును పౌండ్లలోకి మార్చి (7,000 గ్రెయిన్లు ఒక పౌండు), అంగుళాల్లో దాని మందాన్ని దానితోనే గుణించి ఆ మొత్తంతో భాగించాలి. .338లో 225 గ్రెయిన్లది .281, 250 గ్రెయిన్లది .313 వస్తుంది. .375లో 270 గ్రెయిన్లది .274, 300 గ్రెయిన్లది .305. .30 క్యాలిబర్ 180 గ్రెయిన్లది .271. సీసం బుల్లెట్లలో ఎల్క్, నీల్‌గాయ్‌లకు .270 దాటితే చాలు, దున్నకు .300 దాటాలి అనేది నేను పాటించే లెక్క. ఇది పూర్తి సత్యం కాదు. బుల్లెట్ లోపల ఎలా విచ్చుకుంటుందో ఈ అంకె చెప్పదు.

విచ్చుకోవడంలో మూడు రకాలు. మామూలు మెత్తటి సీసం, పలచటి రాగి తొడుగు ఉన్నవి జింకలకు తప్ప వద్దు. దగ్గరి దూరంలో మాగ్నం వేగంతో ఎముకకు తగిలితే ముక్కలైపోతాయి. రెండోది లోపల అడ్డుగోడ ఉన్నవి, లేదా సీసాన్ని తొడుగుకు కరిగించి అతికించినవి. జాన్ నోస్లర్ 1940లలో ఒక మూస్ మీద తన బుల్లెట్ విఫలమయ్యాక తయారుచేసిన పార్టిషన్ అడ్డుగోడ పద్ధతికి చెందినది. స్విఫ్ట్ ఏ-ఫ్రేమ్‌లో రెండు పద్ధతులూ కలిసి ఉంటాయి. మూడోది బార్న్స్ టీఎస్‌ఎక్స్ లాంటి పూర్తి రాగి బుల్లెట్.

మా మేనల్లుడు కొట్టిన నీల్‌గాయ్‌లో పార్టిషన్ బుల్లెట్ ఒకటి అవతలి భుజం తోలు కింద దొరికింది. ముందు సగం పూర్తిగా విచ్చుకుని వెనక్కి మడతపడింది, అంచుల్లో సీసం కొంత రాలిపోయింది. అడ్డుగోడ కింద ఉన్న వెనక సగం మాత్రం ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది. త్రాసు మీద పెడితే 225లో 151 గ్రెయిన్లు మిగిలింది. ఆ వెనక సగమే రెండు భుజాలు దాటించి తోలు దాకా తోసింది. బుల్లెట్ డిజైన్ గురించి చదివిన పేజీలన్నీ ఆ ఒక్క లోహపు ముక్కలో కనిపించాయి.

పూర్తి రాగి బుల్లెట్ బరువు కోల్పోదు, మాంసంలో సీసం పొడి పడదు. తెచ్చుకున్న మాంసం ఇంట్లో పిల్లలకు పెట్టేవాళ్లకు నేను రాగినే చెబుతాను. కాలిఫోర్నియాలో అయితే 2019 జులై 1 నుంచి వేటకు సీసం తూటాలు మొత్తానికే నిషిద్ధం. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది. అందుకని ఒక మెట్టు తేలికైనది తీసుకోవాలి: .338లో 250 బదులు 210 లేదా 225, .375లో 300 బదులు 250 లేదా 270. సెక్షనల్ డెన్సిటీ తగ్గినా బరువు పోదు కాబట్టి లోతు తగ్గదు.

దున్నకు మొదటి బుల్లెట్ గట్టిగా విచ్చుకునే రకం. ఏనుగు తలకు, గాయపడి మీదకొచ్చే దున్నకు విచ్చుకోని సాలిడ్ కావాలి. ఏ వరుసలో మ్యాగజైన్ నింపాలో మీ ప్రొఫెషనల్ హంటర్ (ఆఫ్రికాలో వేటకు వెంట వచ్చే గైడ్) చెబుతాడు. అతని మాట వినండి.

మూడో అడుగు: దూరం

దీన్ని త్వరగా ముగిస్తాను, ఎందుకంటే చాలామంది అవసరానికి మించి దీని మీదే తల బద్దలు కొట్టుకుంటారు. .338ను 225 గ్రెయిన్ల బుల్లెట్‌తో 200 గజాలకు సరిచేస్తే (అంటే స్కోప్ గురి సరిగ్గా ఆ దూరంలో తగిలేలా పెడితే) 300 గజాల దగ్గర సుమారు 7 అంగుళాలు కిందకు దిగుతుంది. .375 హెచ్ అండ్ హెచ్ 300 గ్రెయిన్లతో 10, 11 అంగుళాలు దిగుతుంది. నీల్‌గాయ్, ఎల్క్ గుండె ఊపిరితిత్తుల చోటు దీనికంటే పెద్దది. దున్నను ఎలాగూ 100 మీటర్ల లోపే కొడతారు, ఎలుగునూ దగ్గరగానే. 300 గజాలు దాటి పెద్ద జంతువు మీద కాల్చే అలవాటు మీకు వద్దు. అప్పుడు .340 వెదర్‌బీ ఇచ్చే అదనపు వేగానికి డబ్బు, భుజం ఎందుకు ఖర్చుపెట్టాలి?

నాలుగో అడుగు: భుజం

నిజమైన హద్దు ఇదే. 8 పౌండ్ల .30-06 సుమారు 20 ఫుట్-పౌండ్ల శక్తితో వెనక్కి తంతుంది. 9 పౌండ్ల .338 సుమారు 33. అదే బరువు .375 హెచ్ అండ్ హెచ్ 38, 40 దాకా. .340 వెదర్‌బీ దీనికీ పైన ఉంటుంది. అంకెల్లో .375 ఎక్కువే అయినా కాల్చినవాళ్లలో చాలామంది .338నే గట్టిదంటారు. .338 వేగంగా, చురుక్కున తగులుతుంది, .375 బరువుగా నెడుతుంది. చెంపదెబ్బకూ తోపుకూ ఉన్నంత తేడా అది.

మనవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. దుకాణాల్లో దొరికే అమెరికన్ రైఫిళ్లలో ట్రిగ్గర్ నుంచి బట్టు (భుజానికి ఆనే వెనక చివర) దాకా 13.5 అంగుళాలు, అంతకు కొంచెం ఎక్కువ ఉంటుంది. అయిదున్నర అడుగుల మనిషికి, పైగా కొలరాడో చలికి మందపాటి కోటు వేసుకున్నాక, అది పొడవైపోతుంది. బట్టు భుజం గుంటలో కూర్చోక చేతి కండ మీదకు జారుతుంది. రెండు తూటాలకే నల్లగా కమిలిపోతుంది. మోచేయి మడిచి బట్టును మోచేతి మడతలో పెట్టుకుంటే చూపుడువేలు మొదటి గీత ట్రిగ్గర్‌ను హాయిగా తాకాలి. తాకకపోతే గన్‌స్మిత్ దగ్గర బట్టు కోయించి మంచి రబ్బరు ప్యాడ్ వేయించుకోండి. ఇది కార్ట్రిడ్జ్ మార్చుకోవడం కంటే ఎన్నో రెట్లు చవక, ఫలితం మాత్రం ఎక్కువ.

ఇక అసలు పరీక్ష. కొనకముందే స్నేహితుడిదో అద్దెదో ఒక .338, ఒక .375 రేంజ్‌లో కాల్చండి. టేబుల్ మీద కూర్చుని కాదు, నిలబడి. టేబుల్ మీద శరీరం వెనక్కి ఊగే వీలు లేక దెబ్బంతా భుజమే తింటుంది. తర్వాత స్నేహితుడిని తూటాలు నింపమని అడగండి. మీకు కనపడకుండా అతను ఒకసారి అసలు తూటా, ఇంకోసారి మందులేని డమ్మీ తూటా పెట్టి బోల్టు మూసి చేతికిస్తాడు. మీరు ఎప్పటిలాగే ట్రిగ్గర్ నొక్కాలి. డమ్మీ వచ్చినప్పుడు రైఫిల్ కదలకుండా నిలిస్తే మీరు సిద్ధం. గొట్టం మూతి కిందకు ముక్కితే, కళ్లు మూసుకుపోతే, భుజం ముందుకు తోస్తే మీ శరీరం తన్నుకు ముందే భయపడుతోందన్నమాట. అసలు తూటా పేలినప్పుడు ఆ భయం శబ్దంలో కలిసిపోయి కనపడదు, అందుకే డమ్మీ కావాలి. ఈ పరీక్ష చూసినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే: ఎంత బలశాలికైనా ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. కిందకు ముక్కిన రైఫిల్‌తో మాత్రం వేటకు వెళ్లకూడదు.

భయం ఉంటే దారులు ఉన్నాయి. ఖాళీ రైఫిల్‌లో స్నాప్ క్యాప్ (సాధనకు వాడే డమ్మీ తూటా) వేసి ఇంట్లో రోజూ ట్రిగ్గర్ సాధన చేయండి. ఎక్కువ కాల్పులు .22తో సాగించండి. మాగ్నంను ఒక పూటలో పదిహేను, ఇరవై తూటాలకు మించి కాల్చకండి. చెవులకు లోపల ఫోమ్ ప్లగ్గు, పైన మఫ్ రెండూ పెట్టండి, ఎందుకంటే భయంలో సగం శబ్దానిదే. గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్ తన్నును బాగా తగ్గిస్తుంది కానీ శబ్దాన్ని పక్కలకు విసురుతుంది. పక్కన నిలబడే గైడ్ చెవులు పోతాయి కాబట్టి చాలామంది గైడ్లు దాన్ని ఒప్పుకోరు. ఇవన్నీ చేసినా ఆరు నెలల్లో భయం పోకపోతే .30-06కో .300 విన్చెస్టర్‌కో 9.3×62కో దిగండి. ఎల్క్, నీల్‌గాయ్, మూస్ అన్నీ వాటితో పడతాయి.

అయిదో అడుగు: రైఫిల్, స్కోప్

.375 హెచ్ అండ్ హెచ్ తూటా మొత్తం పొడవు 3.6 అంగుళాలు. దానికి పొడవాటి మాగ్నం యాక్షన్ కావాలి, అది ఖరీదు, బరువు. .338, .375 రూగర్ 3.34 అంగుళాలే కాబట్టి మామూలు యాక్షన్‌లో ఇముడుతాయి. ప్రమాదకర జంతువుల కోసం కొనేవాళ్లు మౌజర్ పద్ధతిలో తూటాను మ్యాగజైన్ నుంచే పట్టుకుని గొట్టంలోకి తోసే కంట్రోల్డ్ ఫీడ్ బోల్టు చూసుకోండి. కంగారులో సగం వరకే బోల్టు తోసి వెనక్కి లాగినా ఆ తూటా బయట పడిపోతుంది, రెండోది ఇరుక్కోదు.

.375 హెచ్ అండ్ హెచ్ కేస్ కింద నుంచి పైకి సన్నగా వాలుతూ పోతుంది. వేడి దేశాల్లో ఇది ఎంత మేలో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. మే నెలలో అనంతపురం ఎండలో అద్దాలు మూసిన కారులో తూటాలు వదిలేస్తే మందు వేడెక్కి పీడనం పెరుగుతుంది, కాల్చిన కేస్ గొట్టం లోపల పట్టేసుకుంటుంది. వాలు ఉన్న కేస్ సులువుగా ఊడి వస్తుంది. జాంబెజీ లోయలోనైనా, దక్షిణ టెక్సస్‌లోనైనా తూటాలు నీడలోనే ఉంచండి.

బరువు స్కోప్‌తో కలిపి 4 కిలోల పైన ఉండనివ్వండి. తేలికపాటి మాగ్నం కొండెక్కేటప్పుడు బాగుంటుంది, కాల్చేటప్పుడు తెలుస్తుంది. స్కోప్ జూమ్ .338కు 2.5-8 లేదా 3-9 రెట్లు, .375కు 1.5-6 రెట్లు చాలు. కంటికీ స్కోప్‌కూ మధ్య కనీసం 9 సెంటీమీటర్ల ఖాళీ ఉండే మోడల్ ఎంచుకోండి. పడుకుని లేదా ఎత్తుకు కాల్చేటప్పుడు కన్ను ముందుకు జారుతుంది. కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారపు గాయంతో తిరిగొచ్చినవాళ్లు ఎందరో.

ఆరో అడుగు: తూటాలు దొరుకుతాయా?

.338 అమెరికాలో, ముఖ్యంగా పశ్చిమ రాష్ట్రాల్లో, అలాస్కాలో తేలిగ్గా దొరుకుతుంది. .375 హెచ్ అండ్ హెచ్ ఆఫ్రికాలో వేట సాగే దేశాల్లో దాదాపు ఎక్కడైనా. విమానంలో పెట్టె తప్పిపోయినప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది. ధర .30-06 కంటే రెండు మూడు రెట్లు పలుకుతుంది కాబట్టి చేత్తో తూటాలు నింపుకునేవాళ్లకు ఇవి గిట్టుబాటు. బెల్టున్న కేసులు నింపేవాళ్లు ఒకటి గమనించండి: కేస్‌ను మళ్లీ కొలతకు తెచ్చే అచ్చును (డైను) అవసరానికి మించి కిందకు దించి, కేస్ భుజాన్ని (మెడ కింద వాలే చోటును) ప్రతిసారీ వెనక్కి తోస్తే, బెల్టు పైన కేస్ సాగి పలచబడి ఒక రోజు అక్కడే విరుగుతుంది. మీ రైఫిల్ ఛాంబర్‌కు (గొట్టం వెనక తూటా కూర్చునే చోటుకు) కేస్ భుజం ఆనేటంత వరకే సరిచేయండి.

ఇప్పుడు తేల్చుకోండి

అమెరికాలోనే ఉండి నీల్‌గాయ్, ఎల్క్, మూస్ దాకా ఆగేవాళ్లకు .338 విన్చెస్టర్ మాగ్నం, 225 గ్రెయిన్ల గట్టి బుల్లెట్‌తో. దీనికి మించి వెతకాల్సిన పని లేదు.

దున్న మీదో, ఈలాండ్ అనే ఆఫ్రికా పెద్ద జింక మీదో, అలాస్కా ఎలుగు మీదో మనసున్నవాళ్లకు, ఒకే పెద్ద రైఫిల్ కొనగలిగినవాళ్లకు .375 హెచ్ అండ్ హెచ్. ఇది నా సొంత మొగ్గు కూడా. 270 గ్రెయిన్లతో ఎల్క్, 300 గ్రెయిన్లతో దున్న. మామూలు యాక్షన్‌లో తక్కువ ధరకు అదే పని కావాలంటే .375 రూగర్, కానీ ఆఫ్రికాలో తూటాలు వెంట మోసుకుపోవాలి.

.340 వెదర్‌బీ, .338 లపువా మీద మోజున్నవాళ్లకు నా సలహా, ఆ డబ్బులో సగం సాధన తూటాలకు పెట్టండి.

కొన్న తర్వాత

ఒకే బుల్లెట్, ఒకే బరువు ఎంచుకుని దాన్నే కాల్చండి. .375 వేర్వేరు బరువుల బుల్లెట్లను దాదాపు ఒకే చోట పెడుతుందని పేరుంది. చాలా రైఫిళ్లలో నిజమే, మీ దానిలో నిజమో కాదో కాగితం మీద చూసుకోండి. .338ను 200 గజాలకు, దున్న కోసమైతే .375ను 100 గజాలకు సరిచేయండి. టేబుల్ పని అంతటితో అయిపోతుంది. మిగతా తూటాలన్నీ మూడు కర్రల షూటింగ్ స్టిక్స్ మీద నిలబడి కాల్చండి, ఎందుకంటే ఆఫ్రికాలో గైడ్ మీ ముందు పెట్టేది ఆ కర్రలే. కాల్చిన వెంటనే కన్ను స్కోప్ నుంచి తీయకుండా బోల్టు లాగి రెండో తూటా ఎక్కించడం అలవాటు కావాలి. దున్న మొదటి దెబ్బకు పడినా సరే రెండోది వెళ్లాలి.

ఎక్కడ కొట్టాలో కూడా కాగితం మీదే నేర్చుకోండి. జంతువు పక్కకు తిరిగి ఉంటే ముందుకాలు వెంట పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగండి. దున్నలో గుండె మనం అనుకునేదానికంటే కిందా, ముందుకూ ఉంటుంది.

ప్రయాణానికి ముందు కాగితాలు. అమెరికా నుంచి వెళ్లేవాళ్లు బయలుదేరే ముందు కస్టమ్స్ వాళ్ల దగ్గర 4457 ఫారం మీద రైఫిల్ నంబరు రాయించుకోవాలి. దక్షిణాఫ్రికాలో దిగేవాళ్లకు పోలీసుల ఎస్‌ఏపీఎస్ 520 ఫారం కావాలి. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకితో దేశం దాటి తిరిగి రావాలంటే తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అనుమతి వేరుగా తీసుకోవాలి, వాళ్లకు అక్కడే రైఫిల్ అద్దెకు తీసుకోవడం సుఖం. తూటాలు రైఫిల్‌తో కాకుండా గట్టి పెట్టెలో, చాలా విమానయాన సంస్థలు ఒప్పుకునే 5 కిలోల లోపు సర్దండి.

క్యాంపు చేరిన మొదటి సాయంత్రం, ఎంత అలసిపోయినా, ఎవరు ఏమన్నా, కాగితం కట్టి మూడు తూటాలు కాల్చి చూడండి. విమానంలో పెట్టె పడేసే తీరుకు స్కోప్ కదలడం మామూలే. గురి తప్పితే ముందు స్కోప్ రింగుల స్క్రూలు, తర్వాత రైఫిల్ అడుగున యాక్షన్ స్క్రూలు బిగించి, ఆ తర్వాతే స్కోప్ తిప్పి సరిచేసుకోండి. ఆ మూడూ ఒకచోట పడే దాకా జంతువు వెనక వెళ్లకండి.